గోదావరి సీమలో పట్టాల కథ

గడచిన శీతకాలమున మా పాఠశాల విద్యార్థులను ముప్పదిమందిని వెంటబెట్టుకొని సఖినేటిపల్లి రేవున పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరిని దాటి నరసాపురము రైలుస్టేషనునకు పోయితిని. అంతర్వేది పరిసరములవారికి మిక్కిలి దగ్గర స్టేషను అదియే. భీష్మైకాదశినాటి అంతర్వేది తీర్థమునకు దూరమునుండి వచ్చువారిలో పెక్కురు అక్కడనే దిగి, పంటు ఎక్కి మన యొడ్డునకు చేరుదురు. మా పిల్లలలో రైలెక్కుట అదియే మొదటిసారి యైనవారు పలువురుండిరి. బండి వచ్చుటకు ఇంకను గంట కాలముండుటచే వారు పట్టాలు అంతమగు చోటికి పోయి, అక్కడ అడ్డముగా కట్టిన దిమ్మెను తడవి చూచుచుండిరి.

“మాస్టారూ, పట్టాలిక్కడనే ఆగిపోయినవేమండీ? ఏరు దాటి మనవైపు ఎందుకు రాలేదండీ?” అని యొక బాలుడు నన్నడిగెను.

నేను జవాబు చెప్పబోవునంతలో పట్టాలమీద ఒక ట్రాలీ వచ్చెను. దానిపై గొడుగు క్రింద రైలుమార్గమును పరీక్షించు ఉద్యోగి కూర్చుండియుండెను. వెనుకనుండి ఇద్దరు పనివారు దానిని త్రోయుచు, సన్నని పట్టామీదనే అడుగులు వేయుచు పరుగెత్తుచుండిరి. అది వేగమందుకొనగానే వారును దానిపైకి ఎగిరి కూర్చుండిరి. ట్రాలీ తనంతట తానే చాలదూరము పోయెను. ఇంజను లేని రైలును చూచి పిల్లలందరును నవ్విరి. “నవ్వకుడు, మన గోదావరి సీమకు వచ్చిన మొదటి రైలు ఇంచుమించుగా ఇట్టిదే” యని నేనంటిని. ఇంతలో బండి వచ్చుటచే ఆ మాట సగములో నిలిచిపోయెను. తక్కిన సగము ఈ సంచికలో వ్రాయుచున్నాను.

మన దేశమున మొదటి రైలెప్పుడు నడచెనని అడిగినచో విద్యార్థులందరును 1853వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన బొంబాయినుండి ఠాణాకు నడచిన బండినే చెప్పుదురు. పరీక్షలో ఆ జవాబునకు మార్కులు వచ్చును. జనులను ఎక్కించుకొని నడచిన బండ్లలో మొదటిది అదియే. కాని పట్టాలు అంతకు పూర్వమే ఈ దేశమునకు వచ్చినవి. అవి వచ్చినది మనుష్యులకొరకు కాదు, రాళ్ళకొరకు. చెన్నపట్టణమువద్ద ఎఱ్ఱకొండల చెరువు ప్రాంతమునుండి బాటలు వేయుటకు కావలసిన రాతిని తెచ్చుటకై 1837లో ఒక చిన్న ఇనుపబాటను వేసిరి. ఉత్తరదేశమున రూర్కీ దగ్గర గంగా కాలువను సోలానీ నదిమీదుగా దాటించు పనికై 1851లో ఆవిరియింజనుతో మట్టిబండ్లను లాగించిరి. ఈ రెంటి నడుమ పేర్కొనదగినది మన ధవళేశ్వరపు పట్టాలబాట.

రైలు చరిత్రలు దీనికి 1845వ సంవత్సరమును వ్రాయుచున్నవి. అయితే ఆనకట్టకు అనుజ్ఞ లభించినది 1846లోను, పని ఆరంభమైనది 1847లోను. కావున ఆ పట్టాలు బరువైన పని చేసినది 1847 మొదలు ఆనకట్ట ముగిసిన 1852వ సంవత్సరము వరకు అని మనము తలచుట మంచిది. ఎట్లు చూచినను బొంబాయి బండి కూతవేయుటకు ముందే గోదావరి యొడ్డున ఇనుపపట్టాలమీద చక్రములు దొర్లినవి.

వానికి పని కల్పించినది కరవు. 1832–33 నాటి నందన కరవు గుంటూరు సీమను పాడుచేసినది. గోదావరి మండలముకూడ ఆ కాలమున వరుస కరవులతోను, ఉప్పెనలతోను క్షీణించుచుండెను. నదినిండ నీరుండియు పొలమునకు చుక్క ఎక్కదు. ఈ దుఃస్థితిని పరిశీలించుటకు వచ్చిన ఇంజనీరే ఆర్థరు కాటన్. ఈయన కావేరిమీద పూర్వకాలపు తమిళులు ఇసుకలోనే కట్టిన కల్లణైని శ్రద్ధతో చదివినవాడు. అడుగున రాతినేల దొరకని నదిలో ఎత్తైన గోడ నిలువదు. నిలుచునది వెడల్పుగా, ఏటవాలుగా పరచిన రాళ్ళరాశియే. వరదకు కొన్ని రాళ్ళు క్రుంగినచో వానిమీద మరికొన్ని వేయుచుండవలెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, అన్నియు కలిపి మూడున్నర కిలోమీటర్లకు పైబడిన ఆనకట్టను ఈ విధముగా కట్టుటకు ఎంత రాయి కావలెనో ఊహించుకొనుడు. దైవానుగ్రహమువలన ధవళేశ్వరమున నదిప్రక్కనే కొండ కలదు. కొండను పగులగొట్టుటకంటె పగిలిన రాతిని నీటియొద్దకు చేర్చుటయే గొప్ప కష్టము. పట్టాలు అందులకు ఉపయోగపడినవి.

ఆ పనిలో దిగిన వేలాది కూలిజనము నడుమ సువార్త ప్రకటించుటకై ధవళేశ్వరమున నివసించిన విలియం బౌడన్ గారిని మన సంఘములవారు మరువరాదు. ఆయనయు జార్జి బీర్ గారును 1836లో ఇంగ్లండునుండి వచ్చి, పిమ్మట నరసాపురమును, పాలకొల్లును కేంద్రములుగా చేసికొని పనిచేసిన మిషనరీలు. రాళ్ళు మోసి ఇండ్లకు మరలిన కూలీలు కూలిడబ్బులతోపాటు తాము వినిన వాక్యమునుగూడ తమ పల్లెలకు కొనిపోయిరి.

ఇక పట్టాకు ఆ శక్తి ఎట్లు వచ్చినదో కొంచెము వివరించెదను. ఎడ్లబండి చక్రము మెత్తని నేలలో దిగబడును. దిగబడిన గుంటలోనుండి పైకెక్కుటకే ఎద్దుల బలములో అధికభాగము వ్యయమగును. అంతర్వేది ఇసుకలో బండి తోలినవారికి దీనిని పుస్తకములో చదువ నక్కరలేదు. ఇనుపపట్టాయో గట్టిగను నునుపుగను ఉండును, దానిపై దొర్లు ఇనుపచక్రమును గట్టిదే. ఒకటి మరియొకదానిలో దిగబడదు. కావున బరువును కదలించుటకు స్వల్పబలము చాలును. కదలినది త్వరగా ఆగదు. నరసాపురమున ట్రాలీ పనివారు ఎక్కి కూర్చున్న పిమ్మటకూడ అది పరుగెత్తుటకు కారణమిదియే. చక్రమునకు లోపలివైపున ఒక అంచు ఉండుటచేత అది పట్టా తప్పి పోదు.

పూర్వము ఇంగ్లండు ఇంజనీర్లు ఒక గుఱ్ఱము ఏ మార్గమున ఎంత బరువును లాగగలదో లెక్కగట్టిరి. ఆ లెక్కను మన బస్తాలలోనికి మార్చి చెప్పెదను. బస్తాకు 75 కిలోలు అనుకొనుడు. గుఱ్ఱము వీపుమీద వేసినచో రెండు బస్తాలకు తక్కువ. చక్కగా కంకర వేసిన బాటమీద బండిలో రెండు టన్నులు, అనగా సుమారు 27 బస్తాలు. ఇనుపపట్టాలమీద ఎనిమిది టన్నులు, అనగా 108 బస్తాలు. నాలుగింతలాయెను గదా! ఇక అదే గుఱ్ఱము గట్టువెంట నడచుచు నిలకడనీటి కాలువలో పడవను లాగినచో ఏబది టన్నులు, అనగా సుమారు 677 బస్తాలు!

ఈ కడపటి అంకెలోనే మా బాలుని ప్రశ్నకు సగము సమాధానము కలదు. కాటన్ దొరగారు తాను వేయించిన పట్టాలకు భక్తుడు కాలేదు. ఎఱ్ఱకొండల బాటయు ఆయన ప్రోత్సాహమున వచ్చినదే. అయినను ఇనుపబాట ఆయనకు పనిముట్టు మాత్రమే, గునపమువంటిది, తట్టవంటిది. పని ముగియగానే తీసి ప్రక్కన పెట్టవలసినది. తర్వాతి కాలమున ప్రభుత్వము కోట్లకొలది ద్రవ్యమును రైలుమార్గములకు వ్యయము చేయుచుండగా ఆయన ఎదిరించి వాదించెను. హిందూదేశమునకు ముందుగా కావలసినవి కాలువలనియు, అవి పంటకు నీరిచ్చుటయే గాక పంటను చౌకగా రేవునకు చేర్చుననియు, రైలు ఈ రెంటిలో మొదటిదానిని చేయజాలదనియు ఆయన వాదము. 1870ల చివర ఇంగ్లండు పార్లమెంటు నియమించిన విచారణసంఘము ఎదుటకూడ వృద్ధుడైన ఆయన ఇదే చెప్పెను. ఆయనను మొండివాడని నవ్వినవారుండిరి. మన కోనసీమవారికి మాత్రము నవ్వు రాదు. ఆయన మాట మన యింటి ముంగిటనే నిజమాయెను.

నిజమాయెననుటకు సాక్ష్యము పి. గన్నవరమువద్ద చూడవచ్చును. అక్కడ వైనతేయ నదిమీద 49 కమానులతో, కమానొకటికి 40 అడుగుల వెడల్పుతో, 1850ల తొలి సంవత్సరములలో ఒక కట్టడమును కట్టిరి. హెయిగ్ అను యువ ఇంజనీరు దీనిని కట్టించెను. అది మనుష్యులకొరకు కట్టిన వంతెన కాదు, కాలువకొరకు కట్టినది. క్రింద నది పోవుచుండగా పైన కాలువ నదిని దాటి వచ్చి రాజోలు, మామిడికుదురు, సఖినేటిపల్లి వైపు నేలను తడుపును. ఈ లంకభూమిని పూర్వము నగరము దీవి యనిరి. నూటనలుబది యేండ్లకు పైగా ఆ పాత కట్టడము పనిచేసిన పిదప దానిప్రక్కనే క్రొత్తదానిని నిర్మించి, ఆకొన్నవారికి అన్నము పెట్టి కీర్తి గడించిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. మన యూరి వరిచేనునకు వచ్చు నీరు, ధవళేశ్వరపు పట్టాలమీద దొర్లిన రాళ్ళచేత నిలుపబడి, గన్నవరపు కమానులమీదుగా నదిని దాటి వచ్చుచున్నదని విద్యార్థులు తెలిసికొనవలెను.

నీటివెంటనే పడవలును వచ్చినవి. ధవళేశ్వరమునుండి సముద్రతీరమువరకు లాకులు దిగుచు ఎక్కుచు కాలువలలో సరుకుపడవలు నడచినవి. గాలి అనుకూలమైనచో తెరచాప ఎత్తుదురు, లేనిచో మనుష్యులు గట్టువెంట త్రాడు భుజమున వేసికొని లాగుదురు. కాకినాడలో ఎక్కించిన సరుకు గోదావరి కాలువలు, కృష్ణ కాలువలు, పిమ్మట బకింగ్‌హాం కాలువ మీదుగా చెన్నపట్టణమువరకు నీటిమీదనే పోగలిగెడిది. కొబ్బరికాయలు, ధాన్యము, కలప, పెండ్లివారు, అధికారులు, బోధకులు అందరును పడవలలోనే. ఇట్టి దేశమునకు రైలు ఏల యని ఆనాటివారు అనుకొనినచో వారిని తప్పుపట్టలేము.

అయినను కాటన్ దొరగారి లెక్కలో ఒక వెలితి యున్నదని నాకు తోచుచున్నది. గుఱ్ఱము ఏబది టన్నులు లాగునది గంటకు రెండు రెండున్నర మైళ్ళ నడకలో మాత్రమే. నీరు నెమ్మదిగా పోవువానికి స్నేహితుడు, తొందరపడువానికి విరోధి. పడవ వేగము రెట్టింపైనచో నీటి అడ్డు ఇంచుమించు నాలుగింతలగును. ముందర అలలేచి గట్టునుకూడ కోసివేయును. పట్టామీద బండికి ఇట్టి శిక్ష లేదు. బస్తాకు తొందర లేదు, అది రేపు చేరినను బియ్యము బియ్యమే. పరీక్షకు పోవు పిల్లవానికిని, ప్రసవవేదన పడుచున్న స్త్రీకిని తొందర కలదు. వారిని టన్నులలో తూచుట తగదు. నీటిని గూర్చి ఆయన చెప్పినదెల్ల నిజమే. కాలమును గూర్చి మాత్రము తక్కువగా ఆలోచించెను.

ఈలోగా రైలు మన జిల్లాను సమీపించెను. తూర్పుతీరపు రైలుమార్గమును 1893కును 1896కును నడుమ భాగములు భాగములుగా తెరచిరి. రాజమహేంద్రవరమువద్ద గోదావరిమీద హేవలాకు వంతెనను 1897లో ఆరంభించి 1900లో ముగించిరి. కాటన్ గారు 1899 జూలైలో, తొంబదియారవ యేట, ఇంగ్లండున మరణించెను. ఆయన ఏలిన నదిమీద ఆయన మెచ్చని బండి నడచుట ఆయన చూడలేదు. ఆ వంతెన 1997వరకు సేవచేసి విశ్రమించినది. ఈ మార్గమంతయు కోనసీమకు ఎగువనే తప్పుకొనిపోయెను. దిగువను గౌతమి, వైనతేయ, వశిష్ఠ అను మూడు పాయలను దాటుట, అందును మెత్తని ఒండ్రునేలలో స్తంభములను లోతుగా దింపుట ఎవరికిని లాభసాటిగా తోచలేదు కాబోలు.

కోనసీమ ముంగిటివరకు రైలు వచ్చినది 1928లో. కాకినాడనుండి రామచంద్రపురము, ద్రాక్షారామము మీదుగా గౌతమి యొడ్డుననున్న కోటిపల్లివరకు 45 కిలోమీటర్ల మార్గమును తెరచిరి. అదియు నది దాటలేదు. అయినను ముక్తేశ్వరమునుండి పడవ దాటినవారికి ఎదుటియొడ్డున బండి సిద్ధముగా ఉండెడిది. కొబ్బరి, బియ్యము, యాత్రికులు, కాకినాడ కళాశాలకు పోవు విద్యార్థులు, అందరికిని అది ద్వారమాయెను. ఈ భాగ్యము పండ్రెండేండ్లే నిలిచినది. 1940లో రెండవ ప్రపంచయుద్ధమునకు ఇనుము కావలసివచ్చెను. ఎక్కడో యుద్ధరంగమున పట్టాలు వేయవలెననిన క్రొత్తవి చేయుటకు కాలము చాలదు. ఆదాయము తక్కువయని తోచిన చిన్న మార్గములను పెరికి పంపుటయే సులభముగా కనబడెను. కోటిపల్లి మార్గము అట్లే పెరుకబడెను. మన యూళ్ళవారు ఆ యుద్ధములో ఫిరంగిని చూచియుండకపోవచ్చును, దాని వెలను మాత్రము చెల్లించిరి. కట్ట మిగిలెను, పట్టాలు పోయెను. తిరిగి వేయుటకు అరువదినాలుగేండ్లు పట్టెను.

2004లో మార్గము తిరిగి తెరచినప్పుడు దానిమీద నడచిన బండిని గూర్చి పిల్లలకు చెప్పక మానరాదు. అది ఒక్కటే పెట్టె, రైలుబస్సు అనిరి. చూచుటకు బస్సు, నడచుట పట్టాలమీద. దారిలో రోడ్లు అడ్డము వచ్చుచోట గేటుకాపరులు లేరు. గేటు వేయువారు ఆ బస్సులోనే ప్రయాణము చేసెడివారు. గేటువద్ద బండిని ఆపి, దిగి, గేటు వేసి, బండి దాటిన పిమ్మట మరల గేటు తీసి, పరుగున వచ్చి ఎక్కెడివారు. నగరవాసులకు ఇది హాస్యముగా తోచును. ధవళేశ్వరపు రాళ్ళబండికిని, నరసాపురపు ట్రాలీకిని ఇది దగ్గరి చుట్టమని నాకు దానిపై ప్రీతి.

కోటిపల్లినుండి అమలాపురము, రాజోలు మీదుగా నరసాపురమునకు మార్గమును కలుపవలెనను కోరిక చిరకాలముగా ఉన్నదే. మన సీమవారే యైన జి.ఎం.సి. బాలయోగిగారు లోకసభాపతిగా ఉన్న కాలమున, 2000–01 సంవత్సరమున, దీనికి అనుమతి లభించినది. ఆయన 2002 మార్చి 3న కైకలూరువద్ద హెలికాప్టరు ప్రమాదమున మరణించిరి. సుమారు 57 కిలోమీటర్ల మార్గము, అందులో మూడు మహానదులమీద మూడు వంతెనలు. పనులు ఆగుచు సాగుచు వచ్చినవి, ఇరువదియేండ్లు నిండిననాటికిని ముగియలేదు. నదిలో స్తంభములు లేచినవి, వానిమీద బండి లేదు. ఈ లోపల రోడ్లును లారీలును పెరిగి మన కాలువలలో సరుకుపడవలు మాయమైనవి. అనగా రైలు అక్కరలేదనిపించిన నీటిదారి పోయినది, దానికి బదులుగా రావలసిన ఇనుపదారి రాలేదు. “కాలువలు చాలును” అని మన తాతలు అనుకొనుట తప్పుకాదు. కాలువలలో పడవలు లేని కాలమునకును ఆ మాటనే చెప్పుకొనుచు కూర్చుండుట తప్పు.

విహారయాత్ర ముగించుకొని మేము నరసాపురమున మరల దిగునప్పటికి ప్రొద్దుగ్రుంకెను. రేవున పంటు అవతలియొడ్డున ఉండెను. దానికొరకు కాచుకొన్నవారిలో నెలలు నిండిన ఒక కోడలిని నరసాపురమున వైద్యులకు చూపించి తీసికొనిపోవుచున్న అత్తగారొకామె యుండెను. “ఇప్పుడు సరే బాబూ, అర్ధరాత్రి నొప్పులు వచ్చిన ఈ రేవులో మేమేమి చేయుదుము?” అని ఆమె నన్నడిగెను. చించినాడ వంతెనమీదుగా చుట్టు తిరిగి రావచ్చునని నేను చెప్పితిని. అది ఎంత చుట్టో నాకంటె ఆమెకే బాగుగా తెలియును. ఆమె మరేమియు అనలేదు.

పంటుమీద పిల్లలకు రైలుబస్సు కథ చెప్పితిని. ఉదయము ప్రశ్న వేసిన బాలుడు కొంతసేపు ఆలోచించి, “మాస్టారూ, మనవైపు పట్టాలు వేసి అట్టి బండియే నడిపినయెడల, గేటు వేసి పరుగెత్తి ఎక్కు పని నాకు ఇప్పించెదరా అండీ?” అనెను. పంటు సఖినేటిపల్లి రేవును తాకెను. ముందుగా కోడలిని దింపుడని పిల్లలకు చెప్పితిని.